ఆరు నెలల ఇంటికి ఆకాశ మార్గాన..

ఒకప్పుడు మన ఇళ్లల్లో సముద్రం దాటే సఫర్ అంటే హజ్ సఫరే. బొంబాయి దాకా రైలు, అక్కడి నుంచి జిద్దా దాకా ఓడ. 1995తో ఆ ఓడలు కూడా ఆగిపోయాయి. ఇంటికొకరు చొప్పున గల్ఫ్ దారి కూడా పట్టారు. అది బతుకుదెరువు సఫర్. ఇప్పుడు మూడో రకం సఫర్ ఒకటి మన కుటుంబాల్లోకి వచ్చింది. అరవై దాటిన తల్లిదండ్రులు జంటగా విమానమెక్కి, అమెరికాలో స్థిరపడిన కొడుకు దగ్గరకో కూతురు దగ్గరకో వెళ్లి, ఆరు నెలలుండి తిరిగి రావడం. వీరు హాజీలు కారు, కూలికి వెళ్లేవారూ కారు. చుట్టాలా అంటే అదీ కాదు. కన్నబిడ్డ ఇంటికే వెళతారు. కానీ ఆ ఇంటి తాళంచెవి తమ కొంగున ఉండదు.

ఈ సఫర్‌కు కావలసిన ధైర్యం గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. టికెట్ ఎంతయింది, ఏ విమానం దొరికింది అని అడుగుతాం. 'అక్కడ ఎలా ఉండగలరు?' అని అడిగేవారు అరుదు.

గుంటూరు జిల్లాకు చెందిన ఒక దంపతులు ఈమధ్యనే అలా వెళ్లి వచ్చారు. ఆయన ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. ఆమె నలభై ఏళ్లుగా ఇల్లు చూసుకుంటున్నారు. కూతురు షికాగోలో ఉంటోంది. రెండో కాన్పుకు అమ్మీ రావాలని పట్టుబట్టింది. "నువ్వు వెళ్లిరా, ఇల్లూ చేనూ నేను చూసుకుంటాను" అన్నారాయన. "మీరు లేకుండా నేను విమానం ఎక్కను. ఎక్కడ దిగాలో కూడా నాకు తెలియదు" అన్నారామె. "నాకు మాత్రం తెలుసా?" అన్నారాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇద్దరూ బయలుదేరారు.

కాగితాల సంగతి

ఇరవై ఏళ్ల కిందట అమెరికా వీసా కోసం తెలుగువారు మద్రాసు రైలెక్కేవారు. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ తెరిచారు. మొదట బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో నడిచి, 2023లో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. విమానాశ్రయం కూడా 2008లోనే బేగంపేట నుంచి శంషాబాదుకు తరలింది. అందువల్ల దారి కొంత దగ్గరయింది.

వీసా విషయంలో చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. సందర్శకుల వీసా మన దేశీయులకు సాధారణంగా పదేళ్ల గడువుతో వస్తుంది. పదేళ్లు అక్కడ ఉండవచ్చని దీనర్థం కాదు. ఆ పదేళ్లలో ఎన్నిసార్లయినా తలుపు తట్టవచ్చని మాత్రమే అర్థం. ప్రతిసారీ ఎన్ని రోజులుండాలో అక్కడ దిగినప్పుడు ఇమిగ్రేషన్ అధికారి నిర్ణయిస్తాడు. సాధారణంగా ఆరు నెలలిస్తారు. ఆ గడువు తేదీని దిగిన వెంటనే పిల్లల చేత కంప్యూటర్‌లో చూపించుకుని రాసిపెట్టుకోవాలి. ఒక్కరోజు దాటినా మరుసటిసారి ఇబ్బందే.

అధికారి అడిగే ప్రశ్నలు మామూలువే. ఎవరి దగ్గరకు వచ్చారు, ఎన్నాళ్లుంటారు, తిరుగు టికెట్ ఉందా? ఇంగ్లిష్ రాకపోతే సిగ్గుపడనక్కరలేదు. తెలుగో, ఉర్దూనో చెప్పేవారు కావాలని అడగవచ్చు. పిల్లల చిరునామా, ఫోన్ నంబరు ఇంగ్లిషులో రాసిన కాగితం ఒకటి ఆయన జేబులో, ఇంకొకటి ఆమె చేతిసంచిలో ఉండాలి. దంపతులిద్దరి కాగితాలూ ఒకే సంచిలో పెట్టడం మంచిది కాదు. ఒకరు మరుగుదొడ్డికి వెళ్లినప్పుడు రెండోవారి చేతిలో ఏమీ లేకుండా పోతుంది.

నడక కష్టమైనవారు చక్రాల కుర్చీ కావాలని టికెట్ తీసుకునేటప్పుడే చెప్పాలి. దానికి వేరే రుసుము ఉండదు. కుర్చీ తోసే మనిషే భద్రతా తనిఖీలు, ఇమిగ్రేషన్ దాటించి తదుపరి విమానం ద్వారం దాకా చేరుస్తాడు. దారి తెలియని పెద్దలకు ఇది కాళ్ల సాయమే కాదు, కళ్ల సాయం కూడా.

పెట్టెలో ఏముండాలి?

అమ్మీ పెట్టె సర్దడం మొదలుపెట్టారంటే అది బిడ్డ చిన్నతనమంతా సర్దినట్టే. గోంగూర పచ్చడి, షీర్ ఖుర్మాకు సేమ్యాలు, బాలింత పథ్యానికి శొంఠి, వాము. వీటితోపాటు బక్రీద్ నాటి ఎండుతునకలు, కూరల్లోకి గసగసాలు కూడా కట్టారు. చివరి రెండింటినీ కూతురు ఫోన్‌లోనే తీయించింది.

ఆమె తీయించడంలో న్యాయముంది. మాంసంతో చేసిన పదార్థాలను, ఎండబెట్టినవైనా పచ్చడి పెట్టినవైనా, మన దేశం నుంచి అమెరికాలోకి తీసుకెళ్లనివ్వరు. పచ్చి పండ్లు, మొలకెత్తే విత్తనాలూ అంతే. తినుబండారాలు ఏవి ఉన్నా ఉన్నాయని చెప్పాలి. చెప్పినందుకు శిక్ష లేదు. మహా అయితే తీసి పారేస్తారు. దాచినందుకు జరిమానా ఉంటుంది. గసగసాల సంగతి ఇంకా పెద్దది. మనకది మసాలా దినుసు. యూఏఈ, సౌదీ అరేబియాలలో అది మాదకద్రవ్యాల జాబితాలోనిది. గల్ఫ్ మీదుగా వెళ్లేవారు గుప్పెడు గసగసాలు కూడా పెట్టెలో పెట్టరాదు. కొన్ని దగ్గు మందులు, తీవ్రమైన నొప్పి మాత్రల విషయంలోనూ అక్కడ కఠిన నిబంధనలున్నాయి. డాక్టరు చీటీ లేకుండా అలాంటివి తీసుకెళ్లకూడదు.

రోజూ వేసుకునే మందులు చేతిసంచిలోనే ఉండాలి. పెద్దపెట్టె ఒకోసారి ఒకరోజు ఆలస్యంగా వస్తుంది. బీపీ ఆలస్యం చేయదు. ఇన్సులిన్ వాడేవారు దాన్ని కింది సామాన్లలో వేయకూడదు, అక్కడి చలికి అది గడ్డకట్టే ప్రమాదముంది. గడియారం పది గంటలకు పైగా వెనక్కి పోతుంది కాబట్టి ఏ మోతాదు ఎప్పుడు వేసుకోవాలో బయలుదేరక ముందే డాక్టరును అడగాలి.

ఆహారం విషయంలో గల్ఫ్ విమానాల్లో బెంగ లేదు, వడ్డించేది హలాలే. యూరప్ మీదుగా వెళ్లే విమానాలైతే 'ముస్లిం మీల్' కావాలని కనీసం ఒకరోజు ముందు చెప్పి ఉంచాలి.

పొద్దు గూకని రోజు

ఆ దంపతులు జూన్ నెలలో, రాత్రి వేళ హైదరాబాదులో విమానమెక్కారు. నాలుగు గంటల్లో దుబాయ్. తెల్లవార్లూ విమానాశ్రయంలో కూర్చున్నారు. ఫజర్ నమాజు అక్కడి ప్రార్థన గదిలోనే చేసుకున్నారు. ఉదయం పది గంటలకు పెద్ద విమానం బయలుదేరింది. పదిహేను గంటల ప్రయాణం. దుబాయ్ గడియారం ప్రకారం దిగేసరికి అర్ధరాత్రి ఒంటిగంట కావాలి. దిగినప్పుడు షికాగోలో అదే రోజు సాయంత్రం నాలుగయింది. గుంటూరులో తెల్లవారుజామున రెండున్నర.

విమానం పడమటికి పోతూ సూర్యుడి వెంట పరుగెత్తుతుంది. పైగా ఉత్తర ధ్రువం వైపు ఒంపు తిరిగి వెళుతుంది. అందుకే వేసవిలో ఆ దారిన పొద్దు గూకదు. గంటల తరబడి మధ్యాహ్నమే. "ఏమండీ, ఇంకా జుహర్ వేళేనా?" అని ఆమె మూడుసార్లు అడిగారట. ఆయన ముందున్న తెర మీది పటం చూసి మూడుసార్లూ అవుననే చెప్పారట.

ఇలాంటప్పుడు నమాజు వేళలు ఎలా లెక్కించాలి? బయలుదేరిన ఊరి గడియారం చూసి కాదు, చేరబోయే ఊరి గడియారం చూసీ కాదు. విమానం ఎక్కడుంటే అక్కడి సూర్యుణ్ని బట్టే వేళ అని ధర్మవేత్తలు చెబుతారు. ఉపవాసం ఉన్నవారికీ ఇదే సూత్రం. కింద భూమ్మీద ఇఫ్తార్ అయినా, కిటికీలోంచి సూర్యుడు కనిపిస్తున్నంత సేపూ విమానంలో ఇఫ్తార్ కాలేదు. ప్రయాణంలో ఉన్నవారు రోజా మాని తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఖుర్ఆన్ ఇచ్చిందే. వయసు మళ్లినవారు దాన్ని వాడుకోవడానికి సంకోచించనక్కరలేదు.

తిరుగు ప్రయాణంలో ఇది తలకిందులవుతుంది. విమానం తూర్పుకు పోతుంది, సూర్యుడు ఎదురొస్తాడు. షికాగోలో రాత్రి ఎనిమిదింటికి ఎక్కితే, పదమూడు గంటల్లోనే ఒక రాత్రి, ఒక పగలు ముగిసిపోయి దుబాయ్‌లో సాయంత్రం ఆరవుతుంది. ఫజర్ తొందరగా వచ్చేస్తుంది, నిద్రపోతే దాటిపోతుంది. ఇద్దరిలో ఒకరు మేలుకోవాలి.

వజూ విషయంలో ఓ మాట. విమానంలో మరుగుదొడ్డి చిన్నది, నీళ్లు కొద్ది. నేలంతా తడిపి రావడం తర్వాతివారికి ఇబ్బంది. ఒక్కో అవయవం ఒక్కోసారి కడిగినా ఫర్జ్ నెరవేరుతుంది. బయలుదేరక ముందు వజూ చేసి తోలు మేజోళ్లు తొడుక్కుంటే, ప్రయాణికులకు మూడు రోజుల దాకా వాటి మీద తడిచేత్తో మసహ్ చేసే సౌకర్యముంది. ఇరుకు గదిలో కాళ్లెత్తి కడుక్కోలేని మోకాళ్ల నొప్పుల వారికి ఇది పెద్ద ఊరట.

ఖిబ్లా కోసం కొన్ని గల్ఫ్ విమానాల తెరల మీద మక్కా దిశ చూపిస్తారు. లేకపోతే సిబ్బందిని అడగవచ్చు. నిలబడే చోటు దొరికితే, బెల్టు దీపం వెలగనప్పుడు, వారి అనుమతితో నిలబడి చేసుకోవచ్చు. ఏ విధంగానూ వీలుకాకపోతే కూర్చునే చేసుకోవాలి. అలా చేసిన నమాజును దిగాక మళ్లీ చేయాలా అన్న విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉంది. మీ ఊరి ఆలిమ్‌ను ముందే అడిగి వెళ్లండి.

కాళ్లు మరచిపోవద్దు

గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పిక్కల్లోని రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. నాలుగు గంటలకు మించిన ప్రయాణాల్లో ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. ఆరోగ్యవంతుల్లో అది దాదాపు ఆరువేల మందిలో ఒకరికి. భయపడనక్కరలేదు గానీ, పెద్ద వయసు, స్థూలకాయం, ఈమధ్య జరిగిన ఆపరేషన్ వంటివి ఉన్నవారు డాక్టరును తప్పక అడగాలి. గంటకో గంటన్నరకో ఒకసారి లేచి నాలుగడుగులు వేయాలి. కూర్చున్నచోటే మడమలు ఎత్తుతూ దించుతూ ఉండాలి. విమానంలో గాలి బాగా పొడి. మరుగుదొడ్డికి లేవాల్సి వస్తుందని మన ఆడవారు నీళ్లు తాగడం మానేస్తారు. ఇదే పెద్ద పొరపాటు. నీళ్లు తాగాలి, లేవాలి, నడవాలి.

ఈ పదిహేను గంటల్లో ఇంకొకటి కూడా జరుగుతుంది. "నలభై ఏళ్ల కాపురంలో మేమిద్దరం అంతసేపు పక్కపక్కన కూర్చోలేదు" అన్నారా మాస్టారు. బడి, పిల్లలు, చుట్టాలు, పెళ్లిళ్లు. ఏనాడూ తీరిక దొరకలేదు. ఆ రోజు ఆమె తన పుట్టింటి సంగతులెన్నో చెప్పారట. కొన్ని ఆయన మొదటిసారి విన్నారట.

వతనె ఇఖామత్

మన ఫిఖ్‌హ్ గ్రంథాల్లో రెండు అందమైన పదాలున్నాయి. 'వతనె అస్లీ' అంటే సొంత ఊరు, వేళ్లున్న చోటు. 'వతనె ఇఖామత్' అంటే కొంతకాలం ఆగిన చోటు, తాత్కాలిక నివాసం. హనఫీ పద్ధతిలో సుమారు 48 మైళ్లకు మించిన ప్రయాణానికి బయలుదేరి, సొంత ఊరి పొలిమేర దాటినవారు ముసాఫిర్. జుహర్, అసర్, ఇషాలలో నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండే చేస్తారు. ఎక్కడైనా పదిహేను రోజులు లేదా అంతకుమించి ఉండాలని సంకల్పిస్తే అది వతనె ఇఖామత్ అవుతుంది. అప్పుడు నమాజు పూర్తిగా చేయాలి. ఇతర మజ్‌హబ్‌ల లెక్క ప్రకారం ఈ గడువు సుమారు నాలుగు రోజులు. కాబట్టి ఆ దంపతులు దుబాయ్‌లో ముసాఫిర్లు. ఆరు నెలల సంకల్పంతో షికాగో చేరగానే ముఖీమ్‌లు.

పిల్లలు సరదాపడి న్యూయార్క్ చూపిస్తామని తీసుకెళితే మళ్లీ ముసాఫిర్లే. అలా సఫర్‌పై బయలుదేరడంతోనే వతనె ఇఖామత్ హోదా పోతుందన్నది హనఫీ గ్రంథాల్లోని ప్రసిద్ధ అభిప్రాయం. సామాన్లు అక్కడే ఉంచి వెళితే పోదని కొందరు ఉలమా అంటారు. సొంత ఊరి సంగతి అలా కాదు. ఎన్ని సముద్రాలు దాటినా వతనె అస్లీ మీదే. తిరిగి పొలిమేరలో అడుగుపెట్టిన క్షణం నుంచి మీరు ఇంటివారే.

ఖిబ్లా దిశ కూడా కొత్తగా నేర్చుకోవాలి. హైదరాబాదులో మనం పడమటికి, కాస్త ఉత్తరంగా నిలబడతాం. షికాగోలో ఈశాన్యానికి నిలబడాలి. మక్కా తమకు ఆగ్నేయాన ఉండాలి కదా అని కొత్తవారు అనుమానపడతారు. గోళం మీద షికాగో నుంచి మక్కాకు దారం బిగించి చూస్తే అది ఉత్తరంగా ఒంపు తిరిగి ఈశాన్యం వైపే బయలుదేరుతుంది. విమానం వెళ్లే దారీ అలాంటిదే. వేళలూ మారతాయి. షికాగోలో జూన్‌లో మగ్రిబ్ రాత్రి ఎనిమిదిన్నరకు, డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరలోపే.

షికాగో మనవారికి పూర్తిగా పరాయి ఊరేమీ కాదు. డెవాన్ అవెన్యూ అనే వీధిలో హలాల్ మాంసం కొట్లు, హైదరాబాదీ హోటళ్లు, ఉర్దూ మాటలు వినిపిస్తాయి. ఆ ఊళ్లో 1973లో పూర్తయిన సియర్స్ టవర్, అప్పట్లో ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనం, ఢాకా ప్రాంతంలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ అనే ఇంజనీరు ప్రతిభతో నిలబడిందే.

కానీ డెవాన్‌కు వెళ్లాలంటే కారు కావాలి. కారు నడపడానికి పిల్లలకు తీరిక కావాలి.

అసలు కష్టం ఎక్కడ?

అల్లుడు ఏడింటికి వెళతాడు, కూతురు సెలవు ముగిశాక తనూ వెళుతుంది. పిల్లాడు బడికి. పసిబిడ్డ, ఇద్దరు పెద్దలు, మూసిన తలుపులు. వీధిలో మనిషి కనపడడు. పలకరించే పాలవాడు లేడు. మస్జిద్‌కు నడిచి వెళ్లే అలవాటున్న మాస్టారుకు శుక్రవారం ఎవరైనా బండిలో ఎక్కించుకుంటేనే జుమా. ఆమెకు మాత్రం క్షణం తీరిక లేదు. వంట, బాలింత, బిడ్డ. "నాకు చేయడానికి పని లేదు, ఆమెకు కూర్చోవడానికి సమయం లేదు" అన్నారాయన.

పిల్లలు దీన్ని గమనించాలి. ఆయా జీతం మిగులుతుందని అమ్మీని పిలిపించామన్న మాట ఏ బిడ్డా పైకి అనదు. కానీ వారంలో ఒక్కరోజైనా ఆమెకు వంటింటి నుంచి సెలవు లేకపోతే, ఆమె మనసు ఆ మాటను తనంతట తానే అనుకుంటుంది. అబ్బా చేతిలో కొంచెం డబ్బు అడగకుండా పెట్టాలి. నలభై ఏళ్లు జీతం తెచ్చిన మనిషికి మిఠాయి కొనడానికి అల్లుణ్ని అడగడం భారం. దగ్గర్లోని మస్జిద్‌లో ఆ వయసువారిని నలుగురిని పరిచయం చేయాలి. పెద్దలు కూడా ఓ సంగతి ఒప్పుకోవాలి. ఆ ఇల్లు బిడ్డది, అక్కడి పద్ధతులు బిడ్డవి. కూర ఎలా వండాలో చెప్పవచ్చు. మనవణ్ని ఏ వేళకు పడుకోబెట్టాలో చెప్పకపోవడమే మేలు.

మాస్టారు రోజూ సాయంత్రం మనవడికి ఒక తెలుగు అక్షరం నేర్పారు. ఆరు నెలలు గడిచేసరికి ఆ కుర్రాడు తన పేరు, నానా పేరు తెలుగులో రాయగలిగాడు.

అనుకోనిది జరిగితే?

ఈ మాట ఎత్తడం అపశకునమని చాలా ఇళ్లల్లో ఎత్తరు. ఎత్తాలి. అమెరికాలో సందర్శకులకు ప్రభుత్వ వైద్యం లేదు. అత్యవసర స్థితిలో వచ్చిన రోగిని డబ్బు లేదని వెనక్కి పంపకుండా, పరీక్షించి నిలకడపరచాలని 1986 నుంచి అక్కడ చట్టముంది. కానీ బిల్లు తర్వాత ఇంటికొస్తుంది, అది వేల డాలర్లలో ఉంటుంది. అందుకే ప్రయాణ బీమా లేకుండా పెద్దలు కదలకూడదు. బీమా పత్రంలో ముందునుంచే ఉన్న జబ్బుల గురించి ఏం రాశారో చదివించుకోవాలి. షుగరు, గుండెజబ్బు దాచి తీసుకున్న బీమా అవసరానికి ఆదుకోదు.

ఆ దంపతులు బయలుదేరే ముందు ఇంకో మాట కూడా అనుకున్నారు. ఆమే అడిగారట, "నాకక్కడ ఏమన్నా అయితే ఇక్కడికి తెస్తారా?" అని. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "నీ ఇష్టం చెప్పు" అన్నారట. పార్థివ దేహాన్ని స్వదేశానికి తీసుకురావచ్చు. అయితే మరణ ధ్రువపత్రం, దేహం చెడకుండా చేసే ప్రక్రియ, భారత కాన్సులేట్ అనుమతి, ఎన్నో రోజుల జాప్యం, పెద్ద ఖర్చు. ఎక్కడ కన్నుమూస్తే అక్కడే త్వరగా ఖననం చేయడం మేలని ఉలమా చెబుతారు. షికాగో పరిసరాల్లో ముస్లింలకు ఖబరస్తాన్ సదుపాయముంది. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే అక్కడే. పిల్లలను కష్టపెట్టవద్దు" అన్నారట. ఆ రాత్రే ఆయన ఆ మాట కాగితం మీద రాసి పెట్టారు. అల్లాహ్ దయవల్ల ఆ కాగితం తీయవలసిన అవసరం రాలేదు.

ప్రయాణం మనిషి తిండికి, నిద్రకు అడ్డుపడుతుందని, పని ముగియగానే త్వరగా ఇంటివారిని చేరుకోవాలని దైవప్రవక్త (స) హితవు చెప్పారు. ఈ హితవు పిల్లలకు కూడా వర్తిస్తుంది. అమ్మీ అబ్బాకు మనసు నిండి తిరిగి వెళ్లాలనిపించినప్పుడు 'ఇంకో నెల ఉండండి' అని గడువు చివరిదాకా లాగవద్దు. టికెట్ పంపేటప్పుడే రెండు వైపులా వారి వీలు అడగండి. మనవణ్ని ఎత్తుకున్న చేతులు చల్లగా ఉండాలి. వాటికి సొంత వాకిలి కూడా కావాలి.

దూరదేశంలో ఉన్న బిడ్డల కోసం బయలుదేరే తల్లిదండ్రులందరి సఫర్‌ను అల్లాహ్ సులభతరం చేయుగాక. వారిని క్షేమంగా చేర్చి, క్షేమంగా తిరిగి వారి వతనె అస్లీకి తెచ్చుగాక. ఆమీన్.